ఎర్రదారం కట్టిన కట్ట

మా మనవరాలు కంప్యూటర్‌లో బొమ్మలు నడిపించే కోర్సులో చేరింది. "అవ్వా, నువ్వు కూడా ఈ పనే చేసినావంట కద, ఏమన్నా చెప్పు" అని అడిగింది. నోటితో చెబితే సగం విని ఫోను చూసుకుంటుంది. అందుకని రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి. దిద్దేటప్పుడు నా మాట మాత్రం మార్చకండి.

ఈ పనిలో పదకొండేళ్లు ఉన్నాను. పదకొండేళ్లూ భయపడుతూనే చేశాను. ధైర్యం గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను భయం గురించి చెబుతాను. నాకు బాగా తెలిసింది అదే.

మగ్గం నుంచి గాజుబల్లకు

మాది తిరుత్తణి పక్కన పల్లె. మగ్గం ఇల్లు. మా ఆయనకు కళ్లు మసకబారి, పోగు కనబడక, మగ్గం దిగాడు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు. ఎమర్జెన్సీ ముగిసిన కొత్తలో, తిరువళ్లూరులో ఒక పాత బియ్యం గోదాములో బొమ్మల సినిమా పని మొదలైందనీ, చెయ్యి వణకని ఆడవాళ్లు కావాలనీ తెలిసింది. సినిమా అనేసరికి మావాళ్లు ముఖం తిప్పుకున్నారు. నేను పోయి చూశాను. పొడుగాటి బల్లలు, బల్లలకు గాజు, గాజు కింద ట్యూబులైటు. ముగ్గురు ఆడవాళ్లు తల వంచుకుని రంగు వేస్తున్నారు. మగ్గాల సాల లాగే ఉంది, చప్పుడు ఒక్కటే లేదు. చేరిపోయాను.

పని ఏమిటంటే, బొమ్మలు గీసేవాళ్లు కాగితం మీద పెన్సిలుతో గీస్తారు. మనిషి ఒకసారి చెయ్యి ఎత్తాలంటే పది పన్నెండు బొమ్మలు. ఆ కాగితం మీద గాజులాంటి పలచని షీటు పరిచి మేము నల్లసిరాతో గీత దించాలి. తర్వాత షీటు తిప్పి వెనకవైపు రంగు నింపాలి. వెనకనుంచి వేస్తాం కాబట్టి చిన్నవి ముందు, పెద్దవి తర్వాత. గుండీ వేశాకే చొక్కా. ఇది ఇంట్లో ఎవరికి చెప్పినా అర్థం కాలేదు. రంగు ఆరాక ఆ షీట్లను కెమెరా కింద ఒక్కొక్కటే పెట్టి ఫొటో తీస్తారు. అన్నీ కలిపి తిప్పితే బొమ్మ నడుస్తుంది.

షీటు మీద వేలిముద్ర పడితే తెర మీద అది చేటంత కనబడుతుంది. మొదటి నెల ఈ ఒక్క భయంతోనే నాకు అన్నం దిగలేదు. పాత లుంగీ గుడ్డతో చేతి తొడుగు కుట్టుకున్నాను. బొటనవేలు, చూపుడువేలు మాత్రం వదిలాను, కుంచె పట్టుకోవాలి కదా. తర్వాత మిగతావాళ్లకీ నేనే కుట్టిచ్చాను.

చేరిన కొత్తలో ఒక తెలివితక్కువ పని చేశాను. ఆరిన రంగు షీటు మీద పగుళ్లు పడుతోంది. మేము పడుగుకు పెట్టే గంజిలో చుక్క నువ్వులనూనె కలుపుతాం, పోగు మెత్తగా ఉంటుందని. ఎవరినీ అడగకుండా రంగు సీసాలో చుక్క నూనె వేశాను. మర్నాటికి పద్నాలుగు షీట్ల మీద రంగు చేమాకు మీద నీళ్లలాగా ముద్దలు ముద్దలుగా నిలబడింది. ఒక పనిలో నేర్చింది ఇంకో పనికి పనికొస్తుంది. కానీ అడిగి వాడాలి.

చెప్పుల చప్పుడు

యజమానిని ముదలాళి అనేవాళ్లం. పట్నం నుంచి వచ్చిన తెలుగాయన. కొట్టడు, తిట్టడు. గోదాము చివర ఆయన తోలుచెప్పుల చప్పుడు వినబడితే చాలు, నాలుగు కుంచెలూ ఆగిపోయేవి. వచ్చి వెనక నిలబడేవాడు. ఏమీ అనేవాడు కాదు. వీపు మీద ఎండ పడినట్టుండేది. అలా పనిచేయించుకోవడం గొప్పతనం అని అప్పట్లో అనుకునేదాన్ని. ఇప్పుడు అనుకోను. భయపడే చెయ్యి గీత తిన్నగానే గీస్తుంది, తప్పు చేస్తే మాత్రం దాచిపెడుతుంది.

ఆయన దగ్గర నాకు మంచిపేరు తెచ్చింది కడగడం. షీట్లు బయటి దేశం నుంచి రావాలి, దొరికేవి కావు. ఫొటో తీయడం అయిపోయిన షీట్లను మూలన పడేస్తుంటే నాకు మనసొప్పలేదు. కుంకుడురసంలో నానబెట్టి, పాత మల్లుగుడ్డతో గీత పడకుండా తుడిస్తే రంగూ సిరా రెండూ పోయి షీటు కొత్తదానిలా వచ్చింది. ఒక్కో షీటును మూడుసార్లు వాడవచ్చు. ముదలాళి చూసి "చెంగమ్మా, ఇంకమీదట కడిగే పని నీదే" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

ఏది కడగాలో ఏది కడగకూడదో తెలియాలని మా ఇంటి అలవాటును అక్కడ పెట్టాను. మా ఇంట్లో నేసి దింపిన పనికి ఎర్రదారం కడతాం, ఇంకా పూర్తి కావలసినదానికి తెల్లదారం. అలాగే ఫొటో అయిపోయిన కట్టకు ఎర్రదారం, కానిదానికి తెల్లదారం. ఈ నియమం నాది. దీన్ని గుర్తుపెట్టుకోండి.

వేలు, వాడి బొమ్మ

బొమ్మలు గీసేవాళ్లలో వేలాయుధం అనే కుర్రవాడు ఉండేవాడు. వేలు అని పిలిచేవాళ్లం. కడంబత్తూరు దగ్గర సేద్యం చేసే తెలుగువాళ్ల బిడ్డ. ఇరవై రెండేళ్లుంటాయి. కొబ్బరిచెట్టంత పొడుగు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. మాట మొదలుపెడితే పూర్తి చేయడు. "పిన్నమ్మా, అదీ..." అని చెయ్యి సగం ఎత్తి, ఆ చేత్తో తల గోక్కుంటాడు. ముదలాళి ముందైతే ఆ 'అదీ' కూడా రాదు. నాకేమో నాన్చేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. "నిలబడి నీళ్లు నమలద్దురా. ఉంటే చెప్పు, లేకుంటే పో" అనేదాన్ని. వాడు పోయేవాడు. పనిలో కాలం వృథా చేయనివ్వని మనిషినని నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

ఆ సంవత్సరం పట్నంలో ఒకాయన చిన్న బొమ్మల సినిమాలు తీసుకుంటానన్నాడు. సబ్బుల ప్రకటనలు చేసి విసిగిపోయిన ముదలాళి, వేలు గీసి పెట్టుకున్న కథ ఒకటి చూసి ఒప్పుకున్నాడు. ఆరు నిమిషాల సినిమా.

కథ చాలా చిన్నది. ఒక బెరుకు కుర్రవాడు. వానలో ఒక అమ్మాయి వాడికి గొడుగు ఇస్తుంది. మర్నాడు దాన్ని తిరిగి ఇవ్వడానికి బయలుదేరతాడు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో ఊహించుకుంటాడు. బస్సులో గొడుగు కండక్టరు చొక్కాకు తగులుకుంటుంది. టీకొట్టు దగ్గర మేక దాని పిడి నములుతుంది. ఎక్కడా వాడి నోరు పెగలదు. ఆఖరికి తలుపు తెరుచుకుంటుంది, అమ్మాయి నిలబడి ఉంటుంది. అక్కడ వాడు నోరు తెరిచి ఒకే ఒక్క మాట అంటాడు: "గొడుగు ఇవ్వడానికి రాలేదు, మిమ్మల్ని చూడడానికే వచ్చాను." సినిమా మొత్తానికి మాట అదొక్కటే.

ఆ మాట కోసం వేలు ముప్పై ఎనిమిది బొమ్మలు గీశాడు. పెదవి కదలడం, చెయ్యి లేవడం. అద్దం ముందు పెట్టుకుని తన నోరే చూసి గీశాడు. రంగు వేసింది నేను. ఆ కుర్రవాడు ఎవరో తెలియడానికి నాకు పెద్ద చదువేం అక్కరలేకపోయింది.

సినిమా డబ్బా శుక్రవారం తెల్లవారి రైలుకు పట్నం చేరాలి. ముదలాళి అందరి ముందూ చెప్పేశాడు. "డబ్బా పోకపోతే ఇదే కడసారి. వేలు బొమ్మలు గీసేది సేద్యం కాడ గీసుకోవాల్సిందే." వేలు తల వంచుకుని విన్నాడు. అప్పటికి ఆ ఆఖరి ముప్పై ఎనిమిది షీట్లు తప్ప మిగతా అంతా ఫొటో అయిపోయింది.

అమావాస్య

బుధవారం అమావాస్య. తిరువళ్లూరులో అమావాస్యకు వీరరాఘవస్వామి గుడికి జనం పోటెత్తుతారు, రైలు దిగితే అడుగు పెట్టే చోటుండదు. మేం తెలుగువాళ్లం ఆ రోజు కొత్త పని ఏదీ మొదలుపెట్టం. మగ్గం ఎక్కం. కడుగుడు, ఉతుకుడు లాంటివే చేసుకుంటాం. అందుకని నెలనెలా అమావాస్యను షీట్లు కడిగే రోజుగా పెట్టుకున్నాను. ఆ రోజు మిగతా ఆడవాళ్లు రారు.

పొద్దున్నే కుంకుళ్లు నలుగ్గొడుతుంటే వేలు వచ్చాడు. కెమెరామాన్ ఏకాంబరం ఇంకా రాలేదు, కెమెరా గది తాళం వేసి ఉంది. గడప దగ్గర నిలబడ్డాడు.

"పిన్నమ్మా, అదీ... ఆ బెంచీ మింద..."

"ఏమిరా?"

"అదీ... ఏకాంబరం అన్న..."

"నిలబడి నీళ్లు నమలద్దన్నానా లేదా? చేతిలో పని ఉండాది నాకు. పో!"

పోయాడు. టీ తాగడానికో, గుడి రద్దీ చూడడానికో.

నా బెంచీ మీద కట్టలు నాలుగున్నాయి. నాలుగింటికీ ఎర్రదారమే. మూడు విప్పి కడిగాను. నాలుగోది విప్పేటప్పుడు ముడి మా ముడి కాదని చేతికి తెలిసింది. ఎర్రదారం కూడా మా నూలు కాదు, పురి వేరు. ఒక్క క్షణం ఆగాను. 'అమావాస్య పూట కొత్త పని ఎవరు మొదలుపెడతారు, ఇది అయిపోయిందే అయ్యుంటుంది' అనుకున్నాను. నీళ్లు వేడిగా ఉన్నాయి, చల్లారితే మళ్లీ పొయ్యి వెలిగించాలి. కుంకుళ్లు వృథా. ముంచేశాను. పై షీటు మీద రంగు కరిగి నీళ్లలోకి నీలంగా జారింది. గొడుగు నీలం. అప్పుడైనా చూడాల్సింది. నేను లెక్కపెడుతున్నాను, చూడడంలేదు.

మధ్యాహ్నం రాహుకాలం దాటాక ఏకాంబరం వచ్చాడు. తమిళాయన, అరవై ఏళ్లవాడు. గది తెరిచి లైట్లు వెలిగించి, కెమెరాకు కుంకుమ పెట్టాడు.

"ఏందయ్యా, ఈ పొద్దు పని చేస్తావా?" అన్నాను.

"అమావాసై నల్ల నాళమ్మా! కడైసి సీను ఈ పొద్దే. వేలుకు నిన్నే సొన్నేనే, కట్ట రెడీగా పెట్టమని."

నల్ల నాళ్ అంటే మంచిరోజు. తమిళవాళ్లకు అమావాస్య అలాంటిది. ఇన్నేళ్లు ఈ ఊళ్లలో బతికి, ఆ సంగతి తెలిసి, నాకు ఆ పొద్దు గుర్తుకు రాలేదు. దండెం వైపు చూశాను. షీట్లన్నీ తెల్లగా, శుభ్రంగా, కారుతూ వేలాడుతున్నాయి.

అంతలో వేలు వచ్చాడు. బెంచీ చూశాడు. బెంచీ కింద పడి ఉన్న ఎర్రదారం చూశాడు. అది తిరుత్తణి కొండ మీద స్వామి దగ్గర పెట్టి తెచ్చిన దారం. ఆఖరి సీను బాగా రావాలని కట్టకు కట్టుకుని, కెమెరా గది తెరవలేదని నా బెంచీ మీద పెట్టాడు. తర్వాత దండెం చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

చెప్పుల చప్పుడు వినిపించింది.

"కట్ట యాడ్రా?" అన్నాడు ముదలాళి.

వేలు చెయ్యి సగం లేచి తల మీదికి పోయింది.

"నీకు ఇచ్చిన పని అది. యాడ పెట్టినావు? రేపు పొద్దున జవాబు చెప్పు. లేకుంటే నీ పెన్సిళ్లు తీసుకుని పో."

నేను అక్కడే ఉన్నాను. నా చేతులకు కుంకుడు వాసన వస్తోంది. చేతులు కొంగులో దాచుకున్నాను. చాలా తప్పులు చేశాను నా జన్మలో. షీట్లు కడగడం వాటిలో చిన్నది. కొంగులో చేతులు దాచుకోవడం పెద్దది.

గురువారం పొద్దున

రాత్రి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈ పని పోతే మళ్లీ ఎక్కడికి పోను? నేసేవాళ్లు లేక మగ్గం విప్పి తడికెకు కట్టి ఉంది. పొద్దున తిరుత్తణిలో రైలెక్కి, అరక్కోణంలో మారాను. మణవూరు దాటేదాకా చెప్పేస్తాను అనుకున్నాను. కడంబత్తూరు వచ్చేసరికి చెప్పను అనుకున్నాను. అక్కడ వేలు ఎక్కుతాడేమోనని కిటికీ వైపు వీపు తిప్పి కూర్చున్నాను.

వాడు ముందు రైలుకే వచ్చేశాడు. నేను గోదాము తలుపు దగ్గరికి వచ్చేసరికి ముదలాళి ముందు నిలబడి ఉన్నాడు. చేతులు రెండూ పక్కన తిన్నగా ఉన్నాయి. తల మీదికి పోలేదు.

"నేనే ముదలాళీ. ఆ కట్ట రైల్లో పెట్టి మరిచిపోయి దిగేసినాను. ఇంకెవురికీ దీంతో సంబంధం లేదు."

ఎక్కడా ఆగలేదు. నీళ్లు నమలలేదు. వాడు ఆ గోదాములో పూర్తిగా చెప్పిన మొదటి మాట అది. అది అబద్ధం. నా కోసం.

ముదలాళి తలుపు వైపు చెయ్యి చూపించాడు. వేలు పెన్సిలు డబ్బా తీసుకున్నాడు. నా పక్కనుంచే పోతున్నాడు. నా చేతిలో టిఫిను క్యారియరు గిన్నెలు గలగలలాడుతున్నాయి. ఎందుకు మోగుతున్నాయా అని చూస్తే నా చెయ్యి వణుకుతోంది. చెయ్యి వణకదనే కదా నన్ను పనిలో పెట్టుకున్నది.

"వాడు అబద్ధం చెప్తా ఉండాడు అయ్యా" అన్నాను. "కడిగింది నేను. వాడు నాతో చెప్పబోయినాడు. నేనే పొమ్మన్నాను."

ముదలాళి నన్ను చూశాడు, దండెం చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఎర్రదారం పద్ధతి ఎవురిది?"

"నాదే."

"డబ్బా రేపు తెల్లారి రైలుకు పోవాల. పోకపోతే ఇద్దురూ పోండి" అని లోపలికి వెళ్లిపోయాడు.

తొమ్మిది షీట్లు

పెన్సిలు బొమ్మలు భద్రంగానే ఉన్నాయి. గీత దించి, రంగు వేసి, ఆరబెట్టి ఏకాంబరానికి ఇవ్వడానికి సాయంత్రం దాకా మాత్రమే సమయం. ముప్పై ఎనిమిది కావు. ఎంత తొందరపడ్డా తొమ్మిది, పది.

వేలు ముప్పై ఎనిమిది కాగితాలూ బల్ల మీద పరిచాడు. చాలాసేపు చూసి, తొమ్మిది ఏరి మిగతావి పక్కన పెట్టేశాడు.

"ఇవి చెయ్యి లేసేవే కదరా? నోరు తెరిచేవి యాడ?"

"నోరు సగంలో నిలిస్తే... అదీ... బాగుండదు పిన్నమ్మా. చెయ్యి చాలు."

"మాట?"

నేను తొందరపెట్టలేదు. కుంచె చేతిలో పట్టుకుని వాడి ముఖం చూస్తూ ఉన్నాను. కొంతసేపటికి "పోనీలే" అన్నాడు.

ఆ పగలంతా మా ఇద్దరి మధ్యా వేరే మాట లేదు. వాడు గీత దించాడు, నేను రంగు వేశాను. ఒక్కో షీటు ఆరేదాకా విసనకర్రతో విసిరాను. పైన ఇంకో షీటు పరిస్తే కింది షీటు రంగు మసకబారుతుందని గొడుగు నీలంలో తెలుపు కలిపాను. భయం లేదని కాదు. కుంచె పెట్టిన ప్రతిసారీ ఇది కూడా జారిపోతుందేమో అనిపించింది. దీపాలవేళకు ఏకాంబరం ఆఖరి షీటు కెమెరా కింద పెట్టాడు. ఈసారి కట్టకు ఎర్రదారం నా చేత్తోనే కట్టించాడు. డబ్బా తెల్లవారి రైలుకు పోయింది. వేలు ఉన్నాడు. నేనూ ఉన్నాను.

పనిలోకి వచ్చే పిల్లలకు ఇక్కడ చెప్పాల్సింది ఒకటుంది. గుర్తులు పెట్టుకోండి, దారాలు కట్టుకోండి, నియమాలు రాసుకోండి. గడప దగ్గర ఒక మనిషి చెయ్యి సగం ఎత్తి నిలబడితే మాత్రం చేతిలో పని కింద పెట్టండి. మీ నియమంలో లేనిది వాడి నోట్లో ఉంటుంది.

తెర

నాలుగు నెలల తర్వాత తిరుత్తణిలో ఒక పెళ్లి హాలులో ఆ సినిమా వేశారు. మా ఆయనను కూడా తీసుకుపోయాను. ఆయనకు కనబడదు, జనం నవ్వడం విన్నాడు. మేక గొడుగు పిడి నమిలినప్పుడు హాలంతా గొల్లుమంది. తలుపు తెరుచుకుంది. అమ్మాయి నిలబడింది. కుర్రవాడి చెయ్యి గొడుగుతో సహా లేచి, సగంలో ఆగింది. అంతే, అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు.

బయట ఒక పెద్దమనిషి ముదలాళితో, మాట లేకుండా ముగించడమే గొప్ప అన్నాడు. ముదలాళి తల ఊపాడు. నేను ఒప్పుకోను. తప్పు వల్ల మంచి జరిగిందని ఎవరైనా చెబితే నమ్మకండి. అక్కడ ఒక మాట ఉండేది. దాన్ని నేను కుంకుడు నీళ్లలో కడిగేశాను.

ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఎందుకంటే చప్పట్లకు ముందు, హాలులో అందరూ ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు, వేలు నా పక్క కుర్చీలో ఉన్నాడు. తెర మీద చెయ్యి ఆగగానే వాడు లోగొంతుకతో, తనలో తానే, మొదలుపెట్టాడు.

"గొడుగు ఇవ్వడానికి... అదీ... రాలేదు..."

నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యలో ఏమీ అనలేదు. వాడి మాట అయిపోయేదాకా విన్నాను.